తుర్సున్ మైకు

మా ఆయన ఎసెన్ ఈమధ్య పాడుతున్నాడు. బాగా పాడడు. జీవితమంతా బేస్ గిటార్ పట్టుకుని వేదిక మీద ఓ పక్కన నిలబడ్డ మనిషి, మనవలు పుట్టాక గొంతు విప్పితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. "గోరువంకలు కొత్త దారి పట్టారు" అని బిష్కెక్ పత్రికలో ఒక కుర్రాడు రాశాడు. మా గోరువంకల బృందం ధ్వని మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలాగే రాస్తారు. అసలు సంగతి మాత్రం వంటింట్లో జరిగింది. దాన్ని నేనే చెప్పాలి.

ఎసెన్, తుర్సున్ ఒకే వీధి పిల్లలు. ఎసెన్ తల్లి బట్టల మిల్లులో రాత్రి షిఫ్టు చేసేది. అందుకని ఇతను తుర్సున్ వాళ్ళింట్లో, తుర్సున్‌తో ఒకే బొంత కింద పడుకుని పెరిగాడు. తుర్సున్ తల్లి బురులాయి మా అందరికీ అపాయే, అంటే అమ్మే. ఆవిడకి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. వీడైనా ఉండిపోవాలని తుర్సున్ అని పెట్టుకుంది. ఆ పేరుకి అర్థం అదే.

బిష్కెక్‌ని ఇంకా ఫ్రూంజే అనే రోజుల్లో, ఫ్యాక్టరీ క్లబ్బులో గోరువంకలు మొదలయ్యారు. తుర్సున్ గొంతు, ఎసెన్ బేస్, జోల్దోష్ డ్రమ్ములు, ఆంద్రే అనే జర్మన్ కుర్రాడి గిటార్. నలుగురూ ఒకే రంగు టైలు కట్టుకుని, శనివారం డాన్సులకి తియ్యతియ్యటి పాటలు వాయించేవారు. నేను ఎసెన్ ప్రేమలో పడింది కూడా అక్కడే. తర్వాత జుట్లు పెంచారు, మోత పెంచారు. మా అత్తగారి బట్టల బీరువా పగలగొట్టి ఎసెన్ స్పీకర్ పెట్టెలు చేశాడు. ఆవిడ చీరేస్తానని చీపురు పట్టుకుని క్లబ్బు దాకా వచ్చింది. తుర్సున్ పాడుతుంటే విని, చీపురు గోడకి ఆనించి చివరి దాకా కూర్చుని వెళ్ళింది. అలాంటి గొంతు అది. వాడు నోరు తెరిస్తే వెనక వరసలో పొద్దుతిరుగుడు గింజలు కొరికేవాళ్ళు కూడా కొరకడం ఆపేసేవారు. అందరూ మళ్ళీ మళ్ళీ అడిగే పాట "ఆపిల్ పూల మీద మంచు". అపా పెరట్లో చెట్టు మీద కట్టిన పాట.

సోవియట్ దేశం ముక్కలైంది, ఫ్యాక్టరీ మూతపడింది. టేపు పట్టుకుని మాస్కో వెళ్ళి ఎవరికైనా వినిపిస్తానన్నాడు తుర్సున్. ఖర్చుల కోసం అమ్ముకోవడానికి ఆపిల్ పెట్టెలు కూడా రైలెక్కించాడు. స్టేషన్లో ఎసెన్ భుజం మీద చెయ్యేసి చెప్పాడు.

"నా మైకు కట్టిపెట్టెయ్యకండిరా. నా చోట ఇంకోణ్ణి నిలబెట్టారో, చంపేస్తా. నోరూజ్ పండక్కల్లా వచ్చేస్తా."

"వచ్చేటప్పుడు బేస్‌కి తీగలు తేరా, మోటువి," అన్నాడు ఎసెన్. ఆఖరి మాట అదీ, తీగల గురించి.

నోరూజ్ వచ్చింది, పోయింది. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఎసెన్ వెతకడానికి వెళ్ళి స్టేషన్లూ ఆసుపత్రులూ శవాల గదులూ తిరిగాడు. సన్నబడి తిరిగొచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. "లేడు," అన్నాడు. చచ్చిపోయాడని కాదు, దొరకలేదని. ఆ రెండింటికీ తేడా ఏమిటో తర్వాత నా బతుకంతా చూశాను.

ఆ మైకు ఎప్పుడూ తీయలేదు. తుర్సున్ చెయ్యి పట్టుకునే చోట స్టాండుకి నీలం టేపు చుట్టి ఉండేది. ఎక్కడ వాయించినా దాన్ని వేదిక మధ్యలో పెట్టి, వైరు తగిలించి, ఆన్ చేసి ఉంచేవాళ్ళు. "ఆపిల్ పూల"లో తుర్సున్ పాడే చరణం వస్తే మిగతావన్నీ ఆగిపోయేవి. ఎసెన్ ఒక్కడూ ఆ మైకు పక్కనే నిలబడి బేస్ మీద రెండు స్వరాలు మెల్లగా కొడుతూ ఉండేవాడు. ఆంద్రే వాళ్ళ కుటుంబం జర్మనీ వెళ్ళిపోయింది, దాంతో గిటారూ పోయింది. కడుపు కోసం ఒక కీబోర్డు తెచ్చుకుని పెళ్ళిళ్ళకి వాయించారు. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామ అడిగాడు.

"ఏమయ్యా, ఆ మధ్యలో మైకు ఎవరికి? నేను పాడనా?"

"ఆ చోటు మా మనిషిదండీ, దారిలో ఉన్నాడు," అన్నాడు జోల్దోష్.

"ఎక్కణ్ణించి వస్తున్నాడు, నడిచా?"

అందరూ నవ్వారు. ఎసెన్ కూడా నవ్వి, ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

తర్వాత కొత్త తరం పిల్లలు వాళ్ళని వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికి పాటలు నెమ్మదించి, బరువెక్కాయి. మాటలు పాడేవాడు లేడు కాబట్టి జోల్దోష్ మేనకోడలు పళ్ళ మధ్య మోర్సింగ్ పెట్టుకుని మీటేది. గోరువంకలు నిశ్శబ్దాన్ని వాయిస్తున్నారని పత్రికల వాళ్ళు మెచ్చుకున్నారు. ఏం నిశ్శబ్దం, నా మొహం. వీళ్ళు ఒక మనిషి కోసం ఎదురుచూస్తున్నారు, అంతే.

అసలు భయం ప్రదర్శనల రికార్డింగులతో మొదలైంది. ఒకరోజు ఎసెన్ హెడ్‌ఫోన్స్ తెచ్చి నా చెవులకి పెట్టాడు.

"ఆ ఖాళీలో విను. పాట ఎత్తుకునేముందు వాడు ఇలాగే పీల్చేవాడు."

విన్నాను. రెండు బేస్ స్వరాల మధ్య ఎవరో ఊపిరి తీసుకున్నారు. చివర్న సన్నగా ఈలలా ఉంది. ఏ ప్రదర్శన టేపు పెట్టినా అదే చోట అదే ఊపిరి. అప్పట్నుంచి మా ఇంట్లో ఇంకొకరున్నట్టే ఉండేది. టీ పోస్తూ ఒక కప్పు ఎక్కువ తీసి, మళ్ళీ లోపల పెట్టేదాన్ని. కోపమూ వచ్చేది.

"సొంత కూతురి పుట్టినరోజు గుర్తుండదు నీకు. వాడెప్పుడు ఊపిరి పీల్చాడో మాత్రం గుర్తు," అన్నాను ఒకసారి.

"కూతురు ఇంట్లోనే ఉందిగా," అన్నాడు. నేను వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

ప్రతి గురువారం నేను అపా ఇంటికి వెళ్తాను. తుర్సున్‌కి పెళ్ళి కాలేదు కాబట్టి ఆవిడకున్న కోడల్ని నేనే. గురువారం నూనె కాచి రొట్టెలు వేయించాలి. ఆ వాసనే పోయినవాళ్ళకి తిండి. వేయించాక ప్రార్థన చదివి ఒక్కొక్కరి పేరూ చెప్పాలి. మనం ఎవరి పేరు చెప్పమో వాళ్ళకి అందదు. అపా భర్త పేరు, తల్లిదండ్రుల పేర్లు, దక్కని పసివాళ్ళ పేర్లు వరసగా చెప్పేది. ఆఖరి పేరయ్యాక ఆవిడ నోరు కాసేపు తెరుచుకునే ఉండేది. తర్వాత మూసేసి, పిండి చేతులు దులుపుకునేది. ఏళ్ళ తరబడి అదే చూశాను. ఎసెన్ పాటలో ఖాళీ ఎంతసేపో ఇదీ అంతసేపే అనిపించేది.

పోయిన చలికాలం అపాకి జబ్బు చేసి లేచింది. లేచిన మనిషి సగమే మిగిలింది. ఒక గురువారం పిండి ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

"కోడలా, వాడు బతికుండగా నేను పేరెత్తాననుకో, కన్నతల్లినై ఉండి నేనే వాణ్ణి చంపుకున్నట్టు. పోయి ఉన్నాడనుకో, ఇన్నేళ్ళూ నేను వాణ్ణి ఆకలితో మాడ్చినట్టు. నేను పోయాక వాణ్ణి తలిచేదెవరు?"

"నేనున్నాగా అపా."

"ఏమని తలుస్తావ్? అదే కదా తెలీనిది." ముద్ద కింద పెట్టింది. "మీ ఆయన వాడి ఊపిరి వినిపిస్తుందంటాడటగా. నన్ను తీసుకెళ్ళు. వింటాను. వాడిదైతే వాడున్నట్టే, నేనిక వాడి పేరెత్తను. కాకపోతే వాడిక లేడని నాకు తెలిసిపోతుంది."

తుర్సున్ వెళ్ళాక ఆవిడ గోరువంకల పాట వినలేదు. ఆ మధ్యాహ్నమే పాత క్లబ్బులో రిహార్సల్ ఉంది. టాక్సీలో తీసుకెళ్ళాను. ఎసెన్ ఆవిణ్ణి చూసి తెల్లబోయాడు. డ్రమ్ము పెట్టె మీద బొంత మడత వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ కాదంటే తనకి ఏమీ మిగలదని అతనికీ తెలుసు.

"ఆపిల్ పూల" మొదలుపెట్టారు. డ్రమ్ములు, మోర్సింగ్. చరణం వచ్చింది, అన్నీ ఆగాయి. ఖాళీ హాల్లో ఎసెన్ రెండు స్వరాలు, వాటి మధ్య స్పీకర్లలోంచి ఆ ఊపిరి, చివర్న ఆ ఈల. మధ్యలో మైకు ముందు ఎవరూ లేరు. ఎసెన్ వాయించడం ఆపి అపా వైపు తిరిగాడు.

"విన్నావా అపా?"

అపా అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"ఇలా రా నాయనా. ముక్కు చూపించు." దగ్గరికొచ్చాక అతని ముక్కు మీద వంకరని వేలితో తడిమింది. "మా చెట్టు మీంచి పడి విరగ్గొట్టుకున్నావు. అప్పట్నుంచీ నీకు ఊపిరి చివర్న ఈల. మీ ఇద్దరి ఊపిర్లూ వింటూ పడుకునేదాన్ని నేను. అది నీదిరా. వాడితో పాటు నువ్వూ పీల్చేవాడివి. వాడు లేకపోయినా పీలుస్తూనే ఉన్నావు."

ఇన్నేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, ఆ ఈల రోజూ విన్నదాన్ని. నాకే తట్టలేదు. అది వేరే మనిషిదని నమ్మాలనుకున్నాను కాబోలు, నేనూ.

అపా నా భుజం పట్టుకుని లేచింది. గోడ దగ్గరికి నడిచి, మాకు వీపు పెట్టి కూర్చుంది. మా దగ్గర ఆడవాళ్ళు శోకం పాడటానికి అలాగే కూర్చుంటారు. ఆవిడ గొంతు సన్నగా మొదలై, కొడుకుని పేరు పెట్టి పిలిచింది. వాడి రైలునీ, ఆపిల్ పెట్టెల్నీ పాడింది. తుర్సున్‌కి గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో ఆరోజు తెలిసింది.

ఆడవాళ్ళు పాడేటప్పుడు మగవాళ్ళు బయట నిలబడాలి, కర్ర మీద ఆనుకుని, పైకి ఏడవాలి. ఎసెన్ గిటార్ కింద పెట్టాడు. చుట్టూ చూశాడు, కర్ర ఏదీ లేదు. మైకు వైరు పీకేసి, ఆ నీలం టేపు స్టాండు తీసుకుని క్లబ్బు మెట్ల మీదికి వెళ్ళాడు. దాని మీద ఆనుకుని తమ్ముడు పోయినవాడిలా గొంతెత్తి ఏడ్చాడు. జోల్దోష్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు. బస్టాపులో జనానికి ఏమీ అర్థం కాలేదు. అయినా మగవాళ్ళు టోపీలు సర్దుకుని చేతులు చాచి ప్రార్థన చదివి వెళ్ళారు.

ఆ సాయంత్రం అపా ఇంట్లో నూనె పెట్టాను. ఎసెన్ చేతులు కడుక్కుని చాప మీద కూర్చున్నాడు. అపా పేర్లు చెప్పింది. భర్త, తల్లి, తండ్రి, పసివాళ్ళు. ఆఖరి పేరయ్యాక ఎప్పటిలాగే నోరు తెరిచి ఉండిపోయింది. అప్పుడు ఎసెన్ ఊపిరి పీల్చాడు, ఆ ఈలతోనే, వాడి పేరు చెప్పాడు.

"తుర్సున్."

అపా కళ్ళు తుడుచుకుని పొయ్యి వైపు చూసింది.

"ఇంకాస్త పిండి కలుపు కోడలా," అంది. "చాలా ఆకలితో ఉంటాడు."