బోర్డు మీద రాసిన లాటిన్ మాట

పదకొండేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలిపడొద్దు. క్షమించమని కూడా అడగను.

అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్పుతాను, జబ్బులకూ చికిత్సలకూ కోడ్ నంబర్లు వేసే పని. ఇక్కడి పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మొదటి మూడు రోజులు డెమో, ఊరికే కూర్చోవచ్చు. నచ్చితే చేరతారు, లేదంటే ఎదురు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతారు. అందుకే అందరూ నోరెళ్ళబెట్టేలా మొదటిరోజే బోర్డు మీద ఒక లాటిన్ మాట రాసేవాణ్ణి. మోరిటూరుస్. కోడింగ్‌కి దానితో ఏ పనీ లేదు. నాకు లాటిన్ రాదు. ఎక్కడో చూసిన మాట, 'చనిపోయినవాడు' అని ఊహించుకుని అదే చెప్పేవాణ్ణి. ఎవరడుగుతారు?

ఆ రోజు మూడో వరుసలోంచి ఒకమ్మాయి లేచింది. ఎర్రగడ్డ పిల్ల. వాళ్ళ తాత పాస్టర్ల కాలేజీలో వంటమనిషి. అక్కడి పాత పుస్తకాలతో లాటిన్ నేర్చుకుందట.

"సచ్చిపోయినోడు కాదు సర్," అంది మెల్లగా. "సావబోయేటోడు. ఇంకా బతికే ఉన్నడు."

యాభై మంది నా మొహం చూశారు. ఆమె చెప్పింది నిజమని ఆ నిబ్బరం చూస్తేనే తెలిసింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా.

"ఎదురు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పంపారా అమ్మా?" అన్నాను నవ్వుతూ.

డెమోలు చెడగొట్టడానికి మనుషుల్ని పంపడం మా వీధిలో మామూలే. క్లాసంతా నమ్మింది, నవ్వింది. ఆమెను బయటికి పంపేశారు. రిజిస్టర్‌లో పేరు నేనే కొట్టేశాను. ఆ వారమంతా మా సందులో ఏ డెమోలోనూ ఆమెను కూర్చోనివ్వలేదని తర్వాత విన్నాను. రెండేళ్ళకు పంజాగుట్టలో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతూ కనిపించింది. చూడనట్టు లిఫ్టెక్కాను.

భయపడ్డానా? పడ్డాను. ఆ బ్యాచ్ పోతే ఉద్యోగం పోయేది. కాదు, అది సాకు; ఉద్యోగం ఇంకోటి దొరికేది, నాకు కావలసిందల్లా ఆ యాభై మంది ముందు తల వంచకుండా ఉండటం, అంతే. మళ్ళీ అదే గదిలో నిలబడితే వేరేగా చేస్తానని ఒట్టేయమంటారా? వేయను. మీరైతే ఏం చేసేవారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఇప్పటికీ మొదటిరోజు ఆ మాటే రాస్తాను. అర్థం మాత్రం ఆమె చెప్పిందే చెబుతాను, నా సొంతమన్నట్టు. చప్పట్లు కొడతారు. నిన్న ఎవరో అడిగారు, లాటిన్ ఎక్కడ నేర్చుకున్నారు సర్ అని. వినపడనట్టు బోర్డు తుడిచేశాను.

ఇక్కడ చెబుతున్నాను. ఎర్రగడ్డ ఎస్తేరు దగ్గర నేర్చుకున్నాను. రిజిస్టర్‌లో నేను కొట్టేసిన పేరు అదే.