కాపలా అన్న మాట
రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, వనపర్తి దవాఖానలో సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న నన్ను హైదరాబాదులో జరిగే ఒక గుండె పరిశోధనకు డిప్యుటేషన్ మీద పంపారు. బైపాస్ ఆపరేషన్‌లో గుండెను కాసేపు ఆపుతారు. ఆపకముందు ఒకసారి, మళ్లీ కొట్టుకోవడం మొదలయ్యాక ఒకసారి రక్తం తీస్తారు. దెబ్బ తిన్న గుండె తనను కాపాడుకోవడానికి విడుదల చేసే ప్రోటీన్లను అందులో కొలవడం మా పని. మాది వనపర్తి దగ్గరి ఖిల్లా ఘణపూర్ కాబట్టి, ఆ చుట్టుపక్కల మూడు జిల్లాల రోగులను ఇంటికి వెళ్లి చూసి రావడం కూడా నాకే అప్పగించారు.

పరిశోధనలో చేరే రోగులు సంతకం పెట్టే అంగీకార పత్రాన్ని తెలుగు చేసింది నేనే. ఆ ప్రోటీన్లకు 'కాపలా ప్రోటీన్లు' అని పేరు పెట్టి రెండు రోజులు మురిసిపోయాను.

ఆపరేషనైన నెలకు గద్వాలలో నరసింహులు ఇంటికి వెళ్లాను. పట్టు చీరలు నేసే మనిషి. కాలి నరం తెచ్చి గుండెకు అతుకుతామంటే ఆయన బెదరలేదు. నూలు పోగుకు పట్టు పోగు అతికే చేతికి అదేం వింత కాదన్నాడు. తీరా చూస్తే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రల రెండో అట్ట విప్పనే లేదు. ఎనిమిది రోజులుగా మింగడం లేదట.

"నా గుండెల కాపలా మస్తుగున్నదని మీరే అంటిరి గద సార్. మల్ల ఈ గోలీలు ఎందుకు?" అన్నాడు.

ఆయన రక్తంలో ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉందని చూసి, డిశ్చార్జి రోజున ఆ మాట అన్నది నేనే. మాత్ర మానితే అతికిన నరం మూసుకుపోవచ్చు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటే ఇదే. పరిశోధన చూసే డాక్టరుకు ఫోన్ చేస్తే, వెంటనే మాత్ర వేయించి ఈసీజీ తీయించమన్నారు. నరసింహులుకు ప్రోటీన్ ఎక్కువగా ఉండటం మంచిదేనా అని అడిగాను. దానర్థం గుండె తనను బాగా కాపాడుకుందనా, బాగా దెబ్బ తిన్నదనా అన్నది తమకే తెలియదని, అందుకే ఈ పరిశోధన అని చెప్పారు. నేనింకా అయోమయంలో పడ్డాను. నరసింహులుకు ఏం చెప్పాలి? ఆ ప్రోటీన్ దెబ్బ తగిలినప్పుడు పెరిగి, తర్వాత తగ్గిపోతుందని నాకు తెలిసినంత చెప్పాను. ఆయన నమ్మలేదు.

పక్కన నూలు కండె చుడుతున్న ఆయన భార్య ఎల్లమ్మ అందుకుంది. "దొంగ వడ్డనాడు కుక్క మొరిగింది. అట్లని రోజూ తలుపు తెరిచి పండుకుంటమా సారూ?"

నరసింహులు నీళ్ల చెంబు అందుకుని మాత్ర మింగాడు. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. ఈసీజీ బాగానే ఉంది. అది అదృష్టమే తప్ప నా తెలివి కాదు.

మర్నాడే పత్రంలో 'కాపలా' కొట్టేశాను. 'దెబ్బ తగిలినప్పుడు గుండె వదిలే పదార్థం. ఎక్కువుంటే మంచిదో కాదో మాకింకా తెలియదు. మాత్రలు మాత్రం మానకూడదు' అని రాశాను. రాత పొడుగైందని పైవాళ్లు సణిగారు. ఆ తర్వాత నేను వెళ్లిన ఇళ్లలో మాత్ర మానిన వాళ్లెవరూ కనబడలేదు.