సర్వరుకి వాటాలు

మా ఆఫీసు పోర్టు రోడ్డు మీద ఉంటుంది. ఓడల్లోంచి దిగిన బొగ్గూ ఎరువులూ లారీలకెత్తి పంపే కంపెనీ. అందులో కంప్యూటర్ల పని నాది. మొత్తం ఆఫీసుకి ఉన్నది ఒక్కటే యూనిక్స్ సర్వరు. లారీల తూకం రాసుకునే కాటా వాళ్ళకీ అదే, జీతాలూ బిల్లులూ చూసే అకౌంట్స్‌కీ అదే. నెలాఖరులో అకౌంట్స్ వాళ్ళు పని మొదలెట్టారంటే సర్వరు ఇంకెవరి మొహమూ చూసేది కాదు. కాటా దగ్గర తెర మీద తూకం పడక, ఆగిపోయిన లారీల వరస గేటు దాటి రోడ్డెక్కేది. డ్రైవర్లు హారన్లు కొట్టేవారు. కాటా చూసే మనిషి నాకు ఫోన్ కొట్టేవాడు.

దీనికి విరుగుడుగా మా మేనేజరుగారు పార్టిషనింగ్ సాఫ్ట్‌వేర్ తెప్పించారు. దాన్ని ఎక్కిస్తే ఒక్క యంత్రమే రెండు యంత్రాల్లా నడుస్తుంది. ఎవరి ప్రాసెసర్లు వాళ్ళవి, ఎవరి మెమరీ వాళ్ళది. "ఏర్పాట్లన్నీ చూసి పెట్టు, ఆదివారం ఎక్కించేద్దాం" అన్నారు నాతో.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు మీటింగులో అందరి ముందూ, "మన సర్వర్ని భాగాలు చేస్తున్నాం. కాటాకో వాటా, అకౌంట్స్‌కో వాటా" అని చెప్పేశారు. ఆయన పుట్టి పెరిగింది ఉక్కునగరం క్వార్టర్లలో. అక్కడ గోడకి మేకు కొట్టాలన్నా అది కంపెనీ గోడే. వాటా అన్న మాట చెవిన పడితే మనుషులు ఏమైపోతారో ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

నేను మీటింగు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో, కాటా బావ వచ్చి నిలబడ్డాడు. చుట్టం కాదు, మా వైపు మగాళ్ళం అలాగే పిలుచుకుంటాం. అతనిది విజయనగరం అవతల పల్లె, వ్యవసాయం ఇల్లు. అన్నదమ్ముల పంపకాల్లో బాగా నలిగి ఊరొదిలి పెందుర్తిలో స్థిరపడ్డ మనిషి.

"బావా, నిజం సెప్పు. మాకెంత, ఆలకెంత?"

"సగం సగం."

"సగవంటే ఏ సగం? ముందు బాగవా, ఎనక బాగవా?"

"సర్వరుకి ముందూ వెనకా ఏంటి బావా?"

"ఎందుకుండదూ? బీరువానాగ నిలబడుంది. తలుపు ముందేపుంది కదేటి? మాకు ఎనక బాగం ఒస్తే దారేదీ? ఆల వాటాలోంచి నడుసుకుని ఎల్లాలా?"

నవ్వు ఆపుకుని, ఎవరి కేబులు వాళ్ళకి వేరేగా వస్తుందని చెప్పాను. "ఏరే దారి ఇత్తన్నావన్నమాట" అంటూ వెళ్ళాడు గానీ, తలుపు దగ్గర ఆగి సర్వరు గది వైపు ఒక చూపు చూసి మరీ వెళ్ళాడు.

ఇక నేను ఏర్పాట్లలో పడ్డాను. ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ సరిపోయింది. వెయ్యాల్సిన ప్యాచ్‌లు వేశాను. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్ దించుకోడానికి డిస్కులో చోటు లేదు. ఎక్కడ నిండిందా అని వెతుక్కుంటూ పోతే అకౌంట్స్ వాళ్ళ ఫోల్డరులో ఒక గుట్ట బయటపడింది. అన్నీ పాటలు.

అకౌంట్స్ పెద్దావిడని మేమంతా అక్కా అంటాం. కంచరపాలెంలో వాళ్ళ చర్చి క్వయర్‌లో పాడుతుంది. పాట ప్రాక్టీసు చేసినప్పుడల్లా ఫోన్లో రికార్డు చేసి, తెచ్చి సర్వర్లో దాచుకుంటోంది.

"ఫోన్ పోతే పోద్ది, సర్వరు ఎక్కడికి పోద్ది తమ్ముడూ?" అంది.

"చోటు చాలడం లేదక్కా. తీసెయ్యాలి."

"మా వాటాలో మేవేటి ఎట్టుకుంటే నీకేటి?"

"ఇంకా వాటాలు పడలేదు కదా."

ఆ మాటకి తగ్గింది గానీ, వినకుండా ఒక్కటి కూడా తియ్యనివ్వనంది. చెరో ఇయర్‌ఫోనూ చెవిలో పెట్టుకుని కూర్చున్నాం. అన్నిట్లోనూ ఒకటే పాట. నాకు ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియలేదు. అక్క మాత్రం కళ్ళు మూసుకుని, "ఇది ఉంచు... ఇది తీసీ... ఇదీ తీసీ" అని చెబుతోంది. కాసేపటికి అసలు సంగతి నాకు అర్థమైంది. క్వయర్‌లో ఇంకొకావిడకి పెద్ద గొంతు. ఆవిడ గొంతులో అక్క గొంతు మునిగిపోయినవన్నీ పోతున్నాయి. అక్క గొంతు పైకి వినబడినవి ఉంటున్నాయి. చివరికి మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డిస్కులో కావలసినంత చోటు దొరికింది. ఆ పెద్ద గొంతావిడకి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వచ్చి బ్యాకప్ తీశాను. ఇక సర్వరు ఆపి మళ్ళీ లేపాలి. దానికి ముందు లోపల ఎవరూ ఉండకూడదు. ఉన్నారేమో చూద్దామని 'హూ' అన్న కమాండు కొట్టాను. తెర మీద కాటా పేరుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా లోడింగే లేదు, కాటా ఎందుకుంది? ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎండలో నడుచుకుంటూ కాటా గదికి పోయాను.

బావ కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన క్యారేజీ, మంచినీళ్ళ సీసా. కిటికీలోంచి చూస్తే కాటా మీద ఖాళీ లారీ ఒకటి నిలబడి ఉంది. దాని నీడలో డ్రైవరు తుండు పరుచుకుని నిద్రపోతున్నాడు.

"బావా, లాగవుట్ అవ్వు."

"నాను లెగను."

"ఏం?"

"మా పంపకాలప్పుడు ఒక్క పూట సంతకెల్లొచ్చినాను. ఒచ్చీసరికి నా సావిట్లో మా అన్న గేదె కట్టేసుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఖాళీ సేసినోడికి ఏటీ మిగల్దు బావా."

నా గదిలో కూర్చునే అతన్ని సర్వర్లోంచి బయటికి నెట్టెయ్యొచ్చు. కానీ సగంలో ఉన్న తూకం పాడవుతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే ఖాళీ బరువు మాత్రం రాసి, తూకం ముగించకుండా లారీని అక్కడే నిలబెట్టాడు.

మేనేజరుగారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చి ఇంగ్లీషులో చాలా వివరంగా చెప్పారు. బావ శ్రద్ధగా విని, కదలకుండా కూర్చున్నాడు. చివరికి అక్కకి కబురు పెట్టాం. ఆరాధన అయ్యాక తెల్లచీరలోనే ఆటో దిగి వచ్చింది.

"నాను నా పాటలే తీసీసినాను. నువ్వొక్క లారీ తియ్యలేవేటి?" అంది.

"నువ్వు ముందు బయటికొచ్చినావేటి?"

"శనారం సాయంత్రవే ఒచ్చీసినాను. కావాలంటే తమ్ముణ్ణడుగు."

అతను నా మొహం చూశాడు. నేను తలూపాను. అప్పుడు ఒక్క షరతు పెట్టాడు: పంపకం అయ్యేదాకా తను సర్వరు ఎదురుగా కూర్చుంటాడు. మేనేజరుగారు ఒప్పుకున్నారు. డ్రైవర్ని లేపి, ఆ లారీ తూకం రద్దు చేసి, బావ లాగవుట్ అయ్యాడు. కుర్చీ కూడా తనే మోసుకొచ్చాడు.

సర్వరు గదిలో ఏసీ చలి. బావ తల చుట్టూ తుండు చుట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను సర్వరు ఆపాను. ఫ్యాన్ల హోరు ఒక్కసారిగా ఆగిపోయి తెర నల్లబడింది. బావ లేచి నిలబడ్డాడు.

"ఇద్దరిదీ పోనాదా?"

"వస్తుంది, కూర్చో" అన్నాను. పాత యంత్రం. లేవకపోతే రేపు కాటా లేదు, జీతాలూ లేవు. అక్క కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. మేనేజరుగారు గడియారం చూడ్డం మానేసి గోడ చూస్తున్నారు. అంతలో ఫ్యాన్లు మళ్ళీ అందుకున్నాయి. తెర మీద అక్షరాలు ఒక్కొక్క వరసే దిగాయి. తనిఖీలన్నీ సరే అన్నాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. రెండు భాగాలూ వేరువేరుగా లేచాయి.

బావ రెండు తెరలూ పక్కపక్కన పెట్టించి, అంకెకి అంకె సరిచూసుకున్నాడు. సమానంగా ఉన్నాయి. అప్పుడు నేను నోరు జారాను. కావాలంటే ఈ మెమరీ ఇటూ అటూ మార్చుకోవచ్చని కూడా చెప్పాను.

"అంటే గట్టు జరపొచ్చా?"

"ఇద్దరూ ఒప్పుకుంటేనే బావా."

"నాను ఒప్పుకోను" అని కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

నెలాఖరు వచ్చింది. తుపాను హెచ్చరికతో ఓడలు దూరంగా ఆగిపోయాయి. కాటా దగ్గర లారీ లేదు. అకౌంట్స్‌లో మాత్రం అక్క బిల్లులతో కుస్తీ పడుతోంది. బావ ఫోన్ చేశాడు.

"బావా, మా కాడ పనేటీ లేదు. మాదాంట్లోంచి కొంత తీసి అక్కకిచ్చీ. సాయంత్రం మళ్ళీ మాకు ఎట్టీ."

కొంత మెమరీ అటు మార్చాను. భోజనాల వేళకి బిల్లులు పూర్తయ్యాయి. సంగతి చెబితే అక్క నమ్మలేదు. గొడుగు వేసుకుని, ఆ గాలిలో కాటా గది దాకా నడిచి వెళ్ళి అతన్నే అడిగిందట. బావ టీ తెప్పించాడట.