నాన్నగారి చొక్కా మీద రంపపు పొట్టు

మొన్న మా ద్వారక సొసైటీ మీటింగులో మైకు కీచుమంటే అందరూ చెవులు మూసుకున్నారు గానీ, దాన్ని స్పీకరు ముందునుంచి పక్కకు జరపాలని ఒక్కరికీ తోచలేదు. నేనే లేచి జరిపాను. నా ఉద్యోగమంతా స్పీకర్ల డిజైనులోనే గడిచిందని చెబితే పక్క ఫ్లాటు పిల్ల నమ్మినట్టు లేదు. నాకిది కొత్తేమీ కాదు, ఇంట్లోవాళ్లే నమ్మలేదు.

తొంభైల మొదట్లో మేము ఇక్కడే, దేశరాజధానిలోనే, ఆర్కే పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నగారిది విజిలెన్సు సెక్షను. పగలంతా ఆఫీసులో అందరినీ అనుమానించి, సాయంత్రానికి ఆ అలవాటును ఇంటికి తెచ్చేవారు. పన్నెండో తరగతిలో ఉండగా స్పీకర్లు, ఆంప్లిఫయర్లు తయారుచేసే చదువు చదువుతానంటే, పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిస్తావా అని వెటకారం చేసి, తెలుగువాళ్ల పిల్లలంతా కంప్యూటర్లంటుంటే నీకీ బుద్ధి ఎవరు పుట్టించారని నిలదీశారు. మేడమీది పంజాబీవాళ్లింట్లో పెద్ద స్టీరియోతో పాటు ఎదిగిన కొడుకు కూడా ఉండటంతో, అమ్మ నన్ను ఆ మెట్లే ఎక్కనిచ్చేది కాదు.

కాలేజీలో ఏ బ్రాంచి కావాలో తేల్చుకోవలసిన గడువు దగ్గరపడుతుంటే, నాన్నగారు ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో వెళ్లడం మొదలుపెట్టారు. అడిగితే ఆఫీసు పనట. సెలవునాడు ఆఫీసు గుమ్మం తొక్కే రకం కాదాయన. అనుమానంలో నేనూ ఆయన కూతుర్నే కదా, కనిపెడుతూ ఉన్నాను. మూడో ఆదివారం ఆయన చొక్కా మీద రంపపు పొట్టు కనిపించింది. ఎక్కడో సంబంధం ఖాయం చేసి, నాకు తెలియకుండా సారె మంచం చేయిస్తున్నారని నిశ్చయించుకున్నాను. అన్నం ముట్టకుండా కూర్చుని, చదువు మానిపించేటట్లయితే ఆ మాట మొహం మీదే చెప్పమని ఏడ్చాను.

ఆయన కాస్త తడబడ్డారు. "ఫరీదాబాద్‌లో స్పీకర్ల ఫ్యాక్టరీకెళ్లొస్తన్నానమ్మా. ఆ పెట్టెలు చెక్కతోనే చేస్తారంట. మొదటిసారి ఒక ఇంజనీరు చెప్పినదాన్ని రెండోసారి ఇంకొకడితో సరిచూసుకున్నా. కంప్యూటర్లు కాదు, ఎలక్ట్రానిక్సే చదవాలంట."

మరి మూడోసారి ఎందుకని అడిగాను.

"ఆడపిల్లలకి బాత్‌రూం ఉందో లేదో చూడ్డానికి. లేదు. కట్టిస్తామంటన్నారు గానీ, నమ్మలేం."

ఆ ఏడే ఎలక్ట్రానిక్సులో చేరాను.

ఇప్పుడు పిల్లలు ఏ కోర్సయినా ఫోనులోనే చూసుకుని ఒక్క ముక్కలో చెప్పేస్తున్నారు. మా అమ్మాయి చెప్పినప్పుడు నేనూ మావారూ నీ ఇష్టం తల్లీ అనేసి టీవీ వైపు తిరిగాం, అదే పెద్దమనసు అనుకున్నాం. నాన్నగారు పోయాక నేను ఉద్యోగం మారినా, చివరికి మానేసినా, ఎందుకని గుచ్చి గుచ్చి అడిగినవాళ్లు లేరు. అందరూ నా మాట వెంటనే నమ్మేస్తున్నారు. నమ్మకుండా, సెలవునాడు బస్సులు మారి వెళ్లి నా కోసం నిజం కనుక్కొచ్చే మనిషి నాకిక లేరు.