చెయ్యి వంచకు

నేను కరెంటు లైన్‌మన్‌ని. ఇరవై రెండేళ్ళుగా నర్సీపట్నం చుట్టుపక్కల స్తంభాలు ఎక్కి దిగుతున్నాను. అందుకని నాకు ధైర్యం ఎక్కువని మా వీధిలో అందరికీ ఒక నమ్మకం. నిజానికి నా అంత పిరికివాడు మా సెక్షన్‌లో ఇంకొకడు లేడు. లైన్లో సరఫరా ఆపించి, ఆపామని సబ్‌స్టేషన్ నుంచి మాట తీసుకోవడాన్ని మేం ఎల్‌సీ అంటాం. ఆ మాట వచ్చాక కూడా నేను ఇంకోసారి ఫోన్ చేసి అడుగుతాను. అవతల ఆపరేటర్ విసుక్కుంటాడు. విసుక్కుంటే విసుక్కోనీ. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెరుకు తోటలో ఒక స్తంభం కింద నిలబెట్టి చెప్పాడు. "పైనుండగా అనుమానమొచ్చిందనుకో, దిగిపో. ఎందుకొచ్చిందని పైనే ఆలోసించకు. దిగినాక ఆలోసించు." ఆయన మాట విన్నాను కాబట్టే ఈరోజు కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇంత పిరికివాణ్ణి, రెండేళ్ళ క్రితం రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌కి వెళ్ళి, ముఖానికి ఇనప జాలీ తగిలించుకుని, గొంతుక్కూర్చుని, మా అమ్మాయి విసిరే బేస్‌బాల్ బంతులు పట్టేవాణ్ణి. ఆ ఆటలో బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు, ఎదురుగా కూర్చుని పట్టేవాణ్ణి క్యాచర్ అంటారు. మా అమ్మాయి పిచర్. ఇంకెవరూ దొరక్క నేను క్యాచర్. బంతి దాని చెయ్యి వదలగానే నా కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. గ్రౌండ్ చుట్టూ నడకకొచ్చే పెద్దమనుషులు ఆగి మరీ నవ్వేవారు. "ఏటయ్యా, పదకొండు వేల వోల్టుల కాడ నిలబడతావు, పిల్ల బంతికి భయమేటి?" అనేవారు. వాళ్ళకేం, నవ్వుతారు. ముక్కు నాది.

మా అమ్మాయి చెయ్యి ఎంత వేగమో నాకు దాని తొమ్మిదో ఏటే తెలుసు. బలిఘట్టం రోడ్డులో మా ఇంటి వెనక సందులో రబ్బరు బంతితో క్రికెట్ ఆడేవాళ్ళం. ఒకరోజు అది వేసిన బంతి నా బ్యాట్ దాటిపోయి గోడకి తగిలిన చప్పుడు వినేదాకా నాకు బంతే కనిపించలేదు. సంతోషపడాల్సింది. కానీ నేను చూసింది బంతిని కాదు, దాని మోచేతిని. వంచి విసురుతోంది.

క్రికెట్లో అది దొంగ బౌలింగ్. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఈ తాలూకాలో లేడు. నా ఇరవయ్యో ఏట, కోటవురట్ల అవతల ఒక ఊళ్ళో పందేల్లో నేను మొదటి ఓవర్ వేస్తుంటే అంపైర్ చెయ్యి పక్కకి చాపి "త్రో" అని అరిచాడు. మళ్ళీ వేశాను. మళ్ళీ అరిచాడు. మూడోసారి అంపైర్ అరవక్కర్లేకపోయింది, గట్టు మీద కూర్చున్న జనమే అందరూ కలిసి "త్రో" అన్నారు. ఆ రోజు బంతి కింద పెట్టి వచ్చేసినవాణ్ణి మళ్ళీ ఎక్కడా బౌలింగ్ చెయ్యలేదు. ఇన్నేళ్ళయినా ఆ ఊరి లైను మీద ఫాల్టు వస్తే నా బదులు ఇంకొకణ్ణి పంపించడానికే చూస్తాను.

అంచేత మా అమ్మాయిని కూర్చోబెట్టి, పాత దినపత్రిక ఒకటి చుట్టి, దాని మోచేతికి ఆనించి, పైన నా సంచిలోని నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టాను. ఇక వంగదు. "చెయ్యి వంచకు. వంచితే తప్పు. జనం నవ్వుతారు," అన్నాను. అలా ఒక వేసవి అంతా ఆడించాను. టేపు పీకినప్పుడల్లా దాని చేతి మీద సన్నని వెంట్రుకలు లేచొచ్చి పిల్ల కెవ్వుమనేది. మా ఆవిడ నన్ను తిట్టేది. వేసవి అయ్యేసరికి టేపు లేకపోయినా చెయ్యి వంగడం మానేసింది. నేను పొంగిపోయాను.

ఎనిమిదో తరగతిలో వాళ్ళ స్కూలుకి కొత్తగా వచ్చిన పీఈటీ మేడమ్ ఆడపిల్లలకి బేస్‌బాల్ మొదలుపెట్టింది. మా అమ్మాయి వేగం చూసి పిచర్‌ని చేసింది. నేను స్కూలుకి వెళ్ళినప్పుడు, "ఈ ఆటలో చెయ్యి వంచొచ్చండీ, వంచాలి కూడా," అని నవ్వింది. నేనూ నవ్వాను. నేర్చుకుంటుందిలే అనుకున్నాను. అక్కడితో ఆ సంగతి మరిచిపోయాను.

పదో తరగతిలో రాష్ట్ర జట్టుకి సెలెక్షన్లు వస్తున్నాయన్నారు. దానికి సెలెక్షన్ అంటే ప్రాణం. పుస్తకం అట్టల మీద, తలుపు వెనక, అన్నిచోట్లా ఆ తేదీయే రాసుకుంది. మేడమ్ రోజుకి యాభై బంతులకి మించొద్దనీ, ఒకరోజు విసిరితే ఒకరోజు మానేయమనీ చెప్పింది. మేము ఎనభై వేసేవాళ్ళం. రోజూ వేసేవాళ్ళం. ఇంకో పది, ఇంకో పది అని అది అడిగేది. నేను కాదనేవాణ్ణి కాదు.

ముందు మారింది చప్పుడు. బంతి గ్లవ్ మధ్యలో పడితే గట్టిగా ఒక దెబ్బ వినిపించేది. అరచెయ్యి మండేది. ఆ దెబ్బ కొంచెం కొంచెంగా మెత్తబడింది. మండటం తగ్గింది. బంతులు నా తల పైనుంచి పోవడం మొదలైంది. నాకు పట్టడం అలవాటైపోయిందేమో అనుకుందామని చూశాను. కానీ ఒక సాయంత్రం అది ఎడమచేత్తో తల దువ్వుకోవడం చూశాను. తర్వాత పుస్తకాల సంచి ఎడమ భుజానికి మారింది. అన్నం కలిపేటప్పుడు కుడిచెయ్యి ఒకసారి విదిలించుకునేది.

"ఏటండీ, పిల్ల సెయ్యి అలగ పట్టుకుంటాది?" అంది మా ఆవిడ.

"ఆటన్నాక నొప్పులుండవా?" అన్నాను. అంతలోనే మా పక్కింటి పెద్దావిడ, లాగి సరిచేసేవాడు ఒకడున్నాడని, తెల్లారి తీసుకెళ్ళమని చెప్పింది. కసురుకున్నాను ఆవిణ్ణి. వాడు లాగితే ఏమవుతుందోనని భయం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏం చెప్తాడోనని అంతకంటే భయం. రాత్రి పడుకుంటే ఆ మోచెయ్యే కళ్ళముందు కనిపించేది.

అడగచ్చు కదా అంటారు. అడిగితే నొప్పి ఉందని చెబుతుంది. చెబితే ఆపాలి. ఆపితే సెలెక్షన్ పోతుంది. అది ఏడిస్తే చూడలేను. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న కారణాలు. ఇంకొకటి ఉంది, అది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. గట్టు మీద కూర్చున్న జనం మా అమ్మాయి బంతికి చప్పట్లు కొడితే వినాలని నాకుండేది. ఆ జనమే, ఆ గట్టే. నా పిల్ల నొప్పి కంటే నాకు అది ముందు వచ్చింది. సిగ్గుగా ఉంది రాయడానికి.

సెలెక్షన్లకి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా, ఒక పొద్దున్న ముప్పయ్యో బంతికో ఎన్నో బంతికో దాని నోట్లోంచి సన్నగా "అబ్బ" అని వచ్చింది. నేను విన్నాను.

"ఏటమ్మా?" అన్నాను.

"ఏటీ లేదు నాన్నా. బంతి ఇటియ్యి."

నా చేతిలో బంతి ఉంది. ఒళ్ళంతా చెమట పట్టింది. స్తంభం మీద ఇలా అయితే ఈపాటికి నేల మీద ఉండేవాణ్ణి. ఇక్కడ మాత్రం బంతి తిరిగి దానికి విసిరాను. అది పట్టుకుంది, కాలెత్తింది, వేసింది. బంతి సగం దూరంలోనే నేల మీద పడి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. తలెత్తి చూస్తే పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని మోచెయ్యి పొట్టకి అదుముకుంటోంది. పరిగెత్తాను. "సిటికినేలు తెలీట్లేదు నాన్నా. పక్కేలు కూడా," అంది. ఆ రెండు వేళ్ళూ నా చేతిలోకి తీసుకుని నొక్కాను. నొక్కుతున్నట్టు దానికి తెలియడం లేదు.

ఆ రోజే విశాఖపట్నం బస్సెక్కాం. ఆసుపత్రిలో స్కానింగ్‌కి లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద నేనొక్కణ్ణే. షాకు తగిలి చేతులు పోయినవాళ్ళని నేను చూశాను. మాతోపాటు పనిచేసినవాడు ఒకడు ఎడమచేత్తో సంతకం నేర్చుకోవడం చూశాను. ఆ బెంచీ మీద నాకు వాడే గుర్తొచ్చాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, ఎముకల్ని లోపలివైపు పట్టి ఉంచే నరంలాంటి కట్టు సాగి వాచిందనీ, పక్కనుండే నరం నొక్కుకుపోయిందనీ, కట్టు మాత్రం తెగలేదనీ చెప్పాడు. "ఇంకో వారం ఇలాగే వేసుంటే తెగేది. అప్పుడు ఆపరేషన్. ఆ తర్వాత చెయ్యి ఎంత వస్తుందో నేను చెప్పలేను." మూడు నెలలు బంతి ముట్టుకోవద్దన్నాడు. మా అమ్మాయి ఏడవలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది.

పక్కగదిలో వ్యాయామాలు చెప్పే ఫిజియో కుర్రాడు దాని చేతికి బంతికి బదులు తువ్వాలు ఇచ్చి, మెల్లిగా విసిరినట్టు చూపించమన్నాడు. ఫోన్లో తీసి, మెల్లగా ఆడించి చూపించాడు. "చూడండి అంకుల్. ముందుకాలు నేల మీద ఆనేసరికి మోచెయ్యి భుజం ఎత్తులో వంగి, బంతి పైకి వచ్చేసి ఉండాలి. పాప చెయ్యి ఇంకా కిందే ఉంది, కర్రలా. నడుము తిరిగిపోయింది, చెయ్యి వెనకబడిపోయింది. ఆ వెనకబడ్డ చేతిని ఒక్కసారిగా లాక్కొస్తుంటే భారమంతా మోచేతి మీదే పడుతోంది. కాళ్ళ బలం, నడుం బలం బంతిదాకా రావడమే లేదు. చెయ్యి వంచడం వస్తే నొప్పి తగ్గుతుంది, వేగం ఇంకా పెరుగుతుంది." తర్వాత దాని వైపు తిరిగి, "ఇలా చెయ్యి బిగబెట్టడం ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదండి. నాకే అలవాటు," అంది.

తొమ్మిదేళ్ళప్పటి టేపు దానికి గుర్తులేకపోవడం కాదు. నా వైపు చూడకుండా చెప్పింది. నేను లేచి నిలబడి, "నేనే నేర్పానండి," అన్నాను. పేపరు చుట్టి కట్టిన సంగతి చెప్పాను. ఆ కుర్రాడు తలూపి కాగితం మీద రాసుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

తిరుగు బస్సు తాళ్ళపాలెం దాటింది. అప్పుడు కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"నా సెయ్యి నొప్పెడతందని నీకు తెలుసు కదా నాన్నా?"

"తెలుసమ్మా."

"ఎప్పటినుంచి?"

"నువ్వు ఎడమచేత్తో దువ్వుకున్నప్పటినుంచి."

నా వైపు తిరిగింది. "నాకూ భయమేసేది. నాను ఆపేస్తే భయపడి ఆపేసినట్టుంటాది కదాని నువ్వు ఆపుతావని సూసేదాన్ని. పెతీ బంతికీ సూసేదాన్ని. అనుమానమొస్తే స్తంభం దిగిపోతానంటావు కదా. నా కాడ ఎందుకు దిగలేదు నాన్నా?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. నర్సీపట్నం కాంప్లెక్సులో దిగేదాకా దాని సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సెలెక్షన్లు అది లేకుండానే అయిపోయాయి. ఆ రోజు తలుపు వెనక రాసుకున్న తేదీని తనే తడిగుడ్డతో తుడిచింది. మూడు నెలలు ఇంట్లో తువ్వాలుతోనే విసిరింది. అద్దం ముందు నిలబడి, కాలు ముందుకేసి, మోచెయ్యి భుజం దాకా లేపి, వంచి, అక్కడ ఆగి, మళ్ళీ మొదటికొచ్చేది. వంచినప్పుడల్లా ఒక్క క్షణం నా వైపు చూసేది. "వంచమ్మా," అనేవాణ్ణి. ఒక నోటితో ఒక వేసవంతా చెప్పిన మాటని అదే నోటితో తీయడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

మళ్ళీ గ్రౌండ్‌కి వెళ్ళాక మొదటి వారం మెత్తగా వేసింది. తర్వాత ఒకరోజు గట్టిగా వేస్తానంది. కాలు పడింది, నడుము తిరిగింది, చెయ్యి అన్నిటికంటే చివర వచ్చింది. గ్లవ్‌లో ఆ పాత దెబ్బ వినిపించింది. పాతదానికంటే గట్టిగా. నా అరచెయ్యి మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకా బలం పెట్టినట్టు కూడా లేదు దాని ముఖంలో. పది వేసింది, పదిహేను వేసింది. పద్దెనిమిదో బంతి కొంచెం పైనుంచి వచ్చింది. చప్పుడు తేడాగా ఉందా? నా చెవి తప్పా? నొప్పా, లేక చెయ్యి జారిందా?

"ఏటమ్మా?" అన్నాను.

"ఏటీ లేదు నాన్నా. బంతి ఇటియ్యి."

అవే మాటలు. అదే గొంతు. ఆ మాటల్లో ఏది నిజమో ముందూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు. లేచి నిలబడ్డాను. జాలీ తీసేసి బంతి జేబులో పెట్టుకున్నాను.

"ఈరోజుకి చాలు."

"నిజంగా ఏటీ లేదు నాన్నా! సెయ్యి జారింది, అంతే. ఇంకా పద్దెనిమిదే కదేటి!"

"చాలన్నాను కదా."

దానికి మండింది. గ్లవ్ సంచిలో కుక్కి, నా కోసం ఆగకుండా నడిచింది. నడకకొచ్చిన పెద్దమనుషులు ఇవాళ ఇంత బేగి అయిపోయిందేటని అడిగారు. నేను దాని వెనకాలే నడిచాను. రోడ్డంతా అది ముందు, నేను వెనక. కుడిచెయ్యి ఊపుకుంటూ నడుస్తోంది. నొప్పి ఉన్న చెయ్యి అలా ఊగదు. ఆ రోజు నా అనుమానం ఒట్టిదేనని ఇంటికి చేరేలోపే నాకు తెలిసిపోయింది.

గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ముఖం ఇంకా కోపంగానే ఉంది. సంచి కుడి భుజానికి ఎగదోసుకుని, నా జేబులో ఉబ్బెత్తుగా ఉన్న బంతి వైపు చూసింది.

"ఈపాలి దిగినావు," అని లోపలికి వెళ్ళిపోయింది.