ఆఖరి పేపర్లో నాలుగు లైన్లు

మా పేపర్ ఆగిపోతుందన్న కబురు వచ్చినప్పుడు నేను బ్లౌజుకు చేతులు కుడుతున్నాను. తెలుగు నేల సరిహద్దు దాటాక అడవి అంచున, హిందీ రాష్ట్రంలో ఉన్న దోర్నపాల్ బస్టాండ్ వెనక సందులో నాది చిన్న టైలరింగ్ దుకాణం. దాంతోపాటు ఒక తెలుగు దినపత్రికకు సరిహద్దు వార్తలు రాసి పంపేదాన్ని. పొద్దున్నే బస్సులో వచ్చే కట్ట విప్పి పంచేదీ నేనే. కిరాణా దుకాణాలవాళ్ళు, మిర్చి వ్యాపారులు, కేంద్ర బలగాల క్యాంపులో ఉండే తెలుగు జవాన్లు, వీళ్ళే మా పాఠకులు.

ఫోన్ చేసింది జిల్లా ఆఫీసు ఇన్‌ఛార్జి. "ఆదివారం సంచిక ఆఖరిదమ్మా. తర్వాత అచ్చు ఉండదు, అంతా ఫోన్‌లోనే. మీ వైపు వ్యాపారులతో శుభాకాంక్షల ప్రకటనలు ఇప్పించండి," అన్నాడు. మూసేసేదానికి శుభాకాంక్షలేంది అని అడగబోయి ఊరుకున్నాను.

మరుసటి రోజు సంత. ఎర్రబోరు దాటి లోపలికి పోతే వచ్చే ఊరి నుంచి ఒకామె వాళ్ళ మామతో కలిసి దుకాణానికి వచ్చింది. అంతకుముందు నా దగ్గర జాకెట్లు కుట్టించుకున్న మనిషే. ఇంట్లో తమ గిరిజన భాష దోర్లి మాట్లాడతారు, నాతో తెలుగు. ఎప్పుడూ వచ్చీ రాగానే గుడ్డలు తడిమి చూసేది. ఆ రోజు గుమ్మంలోనే నిలబడింది.

"మా ఇంటాయన ఇంటికి రాలేదక్కా," అంది.

కిందటి సంతకు రెండు కోళ్ళు పట్టుకుని పోయాడట. అవి అమ్మి పొలానికి యూరియా తేవాలి. తిరిగి వస్తుంటే వాగు మలుపు దగ్గర కొందరు ఆపి బండి ఎక్కించారట. వెనక వస్తున్నవాళ్ళు దూరం నుంచి చూసి అడవిలోకి తప్పుకున్నారు.

"ఎవరు ఎక్కించారు?" అని అడిగాను.

ఆమె మామ వైపు చూసింది. ఆయన బయట సందు వైపు చూశాడు.

"ఎవరైతే ఏందమ్మా," అన్నాడు. "ఠాణాకు పోతే మా దగ్గర లేడన్నరు. అడవిలోవాళ్ళకు కబురు పెడితే మాకు తెల్వదన్నరు. ఇద్దరూ లేడంటే మనిషి ఏడున్నట్టు?"

ఆయనకు కావలసింది ఒకటే. కొడుకును ప్రాణంతో తీసుకుపోయారని పేపర్లో పడాలి. ఏ తోవలో ఆపారు, ఒంటి మీద ఏ చొక్కా ఉంది, అంతా పడాలి. "రేపు ఇంకేడనో పడేసి, వీడు ఫలానోడంటే మేం ఏం జెప్పాలె?" అన్నాడు. ఆ మాట అంటుంటే కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది.

"మా పేపర్ ఆగిపోతోంది తాతా. ఇక మీదట ఫోన్‌లోనే వస్తుంది."

"ఫోన్ల రాసింది తుడిస్తే పోతది. కాయితం మీదది నలుగురిండ్లల్ల ఉంటది. ఆగేలోపల ఎయ్యి బిడ్డా."

రాసుకున్నాను. నీలం గళ్ళ చొక్కా, జేబు చిరిగింది. ఎత్తెంత అని అడిగితే ఆమె నా దుకాణం దర్వాజ మీద చెయ్యి పెట్టి, కొంచెం కిందికి జరిపి, "ఇంత" అంది. చెయ్యి వెంటనే తియ్యలేదు.

అవతలివాళ్ళ మాట కూడా ఉండాలి కాబట్టి ఒక పోలీసు అధికారికి ఫోన్ చేశాను. అంతా విని, "ఆప్ కహా బైఠ్తీ హై?" అన్నాడు. నా దుకాణం ఎక్కడో చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం ఒక కొత్త మనిషి వచ్చాడు. చేతిలో గుడ్డ లేదు, కొలతలివ్వడానికి రాలేదు. గోడకున్న క్యాలెండర్, మిషను, నన్ను వరసగా చూసి, "సునా హై, ఆప్‌కా అఖ్బార్ బంద్ హో రహా హై?" అని అడిగాడు. అవును, ఆగిపోతోందన్నాను. "అచ్ఛా హై. ఆరామ్ మిలేగా," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఇక నాకు విశ్రాంతట. ఎవరి మనిషో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించబోతే ఎంతకూ ఎక్కలేదు.

ఇంట్లో మా ఆయనతో చెప్పక తప్పలేదు. ఆయనకు పికప్ వ్యాను ఉంది, కోంటా దోర్నపాల్ మధ్య సరుకు తోలతాడు. అన్నం కలుపుతున్నవాడు ఆపేశాడు.

"ఇన్నాళ్ళు రాసినా నేనేమీ అనలేదు. అప్పుడు నీ వెనక ఒక పేపరుండె. సోమవారం నుంచి ఏముంటది? కార్డు చూపిస్తే ఏ పేపరు అంటరు. ఏం జెప్తవు?"

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. నేను విలేకరినని చెప్పుకోవడానికి ఆదివారం దాకే. ఆమె దర్వాజ మీద చెయ్యి పెట్టి భర్త ఎత్తు చూపించిన సంగతి మాత్రం చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

డెస్కులో నా వార్తలు చూసే ఉపసంపాదకుడు పెద్దాయన. ఎన్నో ఏళ్ళుగా గొంతే తప్ప ముఖం తెలియదు. ఏడు లైన్లు పంపి ఆయనకు ఫోన్ చేశాను.

"ఆఖరి రోజమ్మా. అన్నీ వీడ్కోలు రాతలే. పేజీలు నిండిపోయాయి."

"నేను పంపిన ప్రకటన ఒకటి తీసేయండి."

"ప్రకటన తీస్తారా ఎవరైనా?"

"మరి రేపు ఇది ఎక్కడ వేస్తారండీ? రేపన్నది లేదు కదా."

అవతల ఎవరో ఏదో అడుగుతుంటే "ఉండవయ్యా" అని కసిరాడు. తర్వాత నాతో, "చూస్తాను," అన్నాడు. వేస్తాననలేదు.

ఆదివారం తెల్లారేసరికి కుండపోత. గోదావరి పెరిగి శబరి వెనక్కి తన్నింది. కోంటా అవతల రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి, బస్సు రాదన్నారు. కట్ట అవతలే ఉండిపోతే, నీళ్ళు తీశాక వచ్చే పాత పేపర్ ఎవరు చదువుతారు? నేను బస్టాండులో నిలబడి ఉండగానే మా ఆయన వ్యాను తెచ్చి పక్కన ఆపాడు. "ఎక్కు," అన్నాడు.

ఎర్రబోరులో ఆమె, మామ చుట్టాలింట్లో ఉన్నారు. పేపర్ తెచ్చే బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి ఎదురుచూస్తున్నారు. ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. చెక్‌పోస్టు దగ్గర జవాను టార్పాలిన్ ఎత్తి ఖాళీ వ్యాను చూసి, ఎక్కడికని అడిగాడు. పేపర్ కట్ట కోసమంటే నమ్మలేదు. "ఇత్నీ బారిష్ మే?" ఇంత వానలోనా అని నలుగురి ముఖాలూ చూశాడు. ముసలాయన కళ్ళు కిందికి దించుకున్నాడు. చివరికి వెళ్ళమని చెయ్యి ఊపాడు.

కోంటా చివర రోడ్డు నీళ్ళలోకి దిగిపోయింది. అవతల నుంచి పడవల్లో మనుషుల్ని, పాల ప్యాకెట్లని దాటిస్తున్నారు. పాలతో పాటే మా కట్టా వచ్చింది, ప్లాస్టిక్ కవరు చుట్టి. వ్యానులో కూర్చుని విప్పాను.

మొదటి పేజీ నిండా పెద్ద అక్షరాలతో "సెలవు". లోపల చేతులు జోడించిన నాయకులు, ధన్యవాదాలు, నేను పంపిన మిర్చి వ్యాపారి శుభాకాంక్షలు. మా సరిహద్దు పేజీ అసలు లేదు. దాని స్థానంలో ఆఫీసు సిబ్బంది అంతా వరసల్లో నిలబడిన ఫోటో. చివరి దాకా తిప్పాను, కనపడలేదు. ఆమె పేపర్ వైపు చూడటం లేదు, నా ముఖం చూస్తోంది. పేపర్‌ను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

వాతావరణం కింద, ఒక మూలన దొరికింది. ఏడు లైన్లు నాలుగయ్యాయి. ఆమె పేరు లేదు, ఊరి పేరు లేదు, చివర నా పేరు లేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ వాగు మలుపు ఉంది. నీలం గళ్ళ చొక్కా ఉంది. ప్రాణాలతో బండి ఎక్కించడం చూసినవాళ్ళున్నారన్న మాట ఉంది.

"చదువక్కా," అంది. చదివాను. "ఇంకోసారి." మళ్ళీ చదివాను.

ముసలాయన నేను చూపించిన చోట వేలు పెట్టి, "గింతేనా?" అన్నాడు.

"ఇంతే తాతా."

"సాలు."

వచ్చే దారిలో ఆగుకుంటూ వచ్చాం. ఎర్రబోరు హోటలు గోడకు ఒకటి, దోర్నపాల్‌లో చాయ్ దుకాణానికి ఒకటి అంటించాం. మూలనున్న వార్త ఎవరికీ కనపడదని దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఠాణాలో ఎప్పటిలాగే ఒక ప్రతి ఇచ్చి బయటపడ్డాను.

చివరికి క్యాంపు. గేటు దగ్గర రోజూ పేపర్ తీసుకునే జవానుది శ్రీకాకుళం వైపు. "ఏటమ్మా, ఇంత లేటు?" అంటూ తీసుకుని, నిలబడే పేజీలు తిప్పాడు. ఎర్ర గీత దగ్గర ఆగాడు.

"ఇది నువ్వు రాసినావా?"

పేరు లేదు కాబట్టి కాదనొచ్చు. "అవును," అన్నాను.

అతను పేపర్ మడిచి, మిగతావాటితో బల్ల మీద పెట్టకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. "సరే. జాగర్తగా ఎల్లమ్మా," అన్నాడు. అది హెచ్చరికో, బెదిరింపో, వానలో పోయే ఆడమనిషికి ఎవరైనా చెప్పే మాటో, నేను తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. మా ఆయన కిరాయిలు మానుకుని వ్యానును దుకాణానికి అడ్డంగా పెట్టి అందులోనే కూర్చునేవాడు. సందులో మోటార్ సైకిల్ నెమ్మదిస్తే నా కాలు మిషను మీద ఆగిపోయేది. ఒకరోజు ఒకతను చొక్కా గుండీలు కుట్టించుకోవడానికి వచ్చాడు, పాపం. మా ఆయన దిగి వచ్చి అతని ఊరు, ఇంటిపేరు అన్నీ అడిగాడు. గుండీలు కుట్టించుకోకుండానే వెళ్ళిపోయాడు. ఇద్దరం నవ్వబోయి నవ్వలేకపోయాం.

ఒక పొద్దున ఆమె వచ్చింది. తల దువ్వుకోలేదు. చెప్పులూ లేవు.

"వచ్చిండక్కా."

ఎక్కడో దూరాన గీదం దగ్గర రోడ్డు మీద దింపి పోయారట. లారీ పట్టుకుని ఇంటికి చేరాడు. ఎవరు తీసుకుపోయారు, ఎందుకు వదిలారు, పెళ్ళాంతో కూడా చెప్పలేదు. అన్నం తింటున్నాడు, పొలానికి పోతున్నాడు. కుక్క అరిస్తే మాత్రం లోపలి గదిలోకి పోతున్నాడు.

ఆమె వెళ్ళగానే ఉపసంపాదకుడికి ఫోన్ చేశాను. అచ్చుతో పాటు ఆయన ఉద్యోగమూ పోయింది, ఇంట్లోనే ఉన్నాడు. మనిషి వచ్చాడని చెప్పాను. వెంటనే ఇంట్లోవాళ్ళతో "వచ్చాడంట!" అని కేకేయడం వినిపించింది. ఆమె పేరెందుకు తీశారని అప్పుడు అడిగాను.

"పేరుంటే ఆమె కోసం వస్తారు. ఊరుంటే ఊరి మీదికి వస్తారు. నీ పేరుంటే నీ దుకాణానికి. పోయిన మనిషి ఆనవాలుంటే చాలు కదమ్మా." మళ్ళీ అన్నాడు, "వచ్చాడని వేద్దామంటే పేజీ లేదు. అదొక్కటే."

ఆనవాలుంటే చాలన్న మాటలోని చిక్కు నాకు తర్వాతి సంతనాడు తెలిసింది. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆమె లోపలికి వచ్చింది, అతను గోడకు వీపు ఆనించి బయటే నిలబడ్డాడు. నేను బయటికి పోయి పలకరిస్తే నా వైపు చూడకుండానే అన్నాడు.

"అక్కా, ఆ కాయితాలు తీసెయ్. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు నన్ను చూస్తున్నరు, గోడను చూస్తున్నరు. నేను గుర్తుండొద్దు ఎవలకు."

కాయితం మీద పడాలని తండ్రి అన్నాడు. కాయితం మీద ఉండొద్దని కొడుకంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఆ సాయంత్రమే చాయ్ దుకాణానికి పోయాను. మైదాపిండి జిగురు గట్టిపడి పేపర్ ఊడి రాలేదు. దుకాణదారు అడ్డం వచ్చాడు. "ఆఖరి పేపరమ్మా, ఉండనీ. ఇంక తెలుగు పేపరెక్కడిది మాకు?" అన్నాడు. ఆ మూల ఒక్కటీ తడిపి, గోరుతో గీకి తీశాను. ఎర్ర గీత కొంచెం గోడకే ఉండిపోయింది, దాని మీద సున్నం రాశాను. ఎర్రబోరులో అంటించింది అప్పటికే వానకు నానిపోయింది. ఠాణాలో ఇచ్చిన ప్రతిని అన్నం డబ్బాల కింద పరిచారు, అడిగితే ఆ ముక్క చింపి ఇచ్చారు.

దుకాణాలకు వేసినవి అప్పటికే పొట్లాలైపోయాయి, మిగిలింది క్యాంపులో జవాను చొక్కా లోపల పెట్టుకున్న ప్రతి. గేటు దాకా పోయాను. శ్రీకాకుళం అతను లేడు, అక్కడ కొత్త జవాను ఉన్నాడు.

"క్యా చాహియే?" అన్నాడు.

ఏమీ వద్దని చెప్పి తిరిగి వచ్చాను.