బాబాయి మర్చిపోయిన క్యారేజీ

పటాలు గీసే ఆ ఆఫీసులో అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయనకి గుర్తుండని సంగతంటూ లేదు, ఒక్క మధ్యాహ్నం క్యారేజీ తప్ప. ఏ కాలువ ఏ ఊరి పక్కన మెలిక తిరుగుతుందో కళ్ళు మూసుకుని గీసేవాడు. హెడ్ గుమాస్తా పెళ్ళిలో ఎవరెవరు అలిగారో, ఏ కూరలో ఉప్పు తక్కువైందో వరసపెట్టి చెప్పేవాడు. అలాంటి మనిషి రోజూ క్యారేజీ ఇంట్లో వదిలేసి చేతులూపుకుంటూ వచ్చేవాడు.

భోజనాల గంట మోగగానే అందరూ బల్లలు సర్దుకునేవారు. బాబాయి సంచిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి వెతికేవాడు. ఆ తర్వాత నుదుటి మీద ఫెడేల్మని ఒక దెబ్బ.

"చచ్చాను! మళ్ళీ మర్చిపోయాను!"

అక్కడితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు?

"ఏం వేపుడనుకున్నారు! బంగాళదుంప ముక్కలు, అంచులు ఎర్రగా, పంటి కింద కరకరలాడుతూ... పాపం, ఇప్పుడది వంటింటి గట్టు మీద కూర్చుని నా కోసం బెంగ పెట్టుకుని ఉంటుంది."

"పెట్టుకోనివ్వండి. మమ్మల్ని తిననివ్వండి. ఈ మధ్య మీ మతిమరుపు మరీ ముదిరింది" అని విసుక్కుంటూనే హెడ్ గుమాస్తా తన గిన్నెలోంచి పెద్ద ముక్క ఏరి బాబాయి పక్కవాళ్ళ దగ్గర పుచ్చుకున్న మూతలో వేసేవాడు. ఆ వేపుడు వర్ణన విన్నాక ఎవరి కూర వాళ్ళకే చప్పగా తోచేది మరి.

టైపిస్టు ఆ ఆఫీసులో అప్పుడే కొత్తగా చేరింది. భర్త పనిలో నిచ్చెన మీంచి పడి, కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అతనికీ పిల్లకీ సరిపెడితే తన గిన్నెలో పెట్టుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. గంట మోగితే "ఇప్పుడు ఆకలి లేదండీ" అని చెప్పి వెనక మెట్ల మీదికి వెళ్ళి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, బాగా తిన్నదానిలా మూతి తుడుచుకుని వచ్చి కూర్చునేది.

ఒకరోజు బాబాయి ఆ మెట్ల దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. చేతిలో రెండు ఖాళీ మూతలు.

"అమ్మాయ్! నువ్వు కూడా మర్చిపోయావా?"

ఆమె ముందు కంగారు పడింది. తర్వాత, "అవునండీ" అంది.

"అమ్మయ్య! నాకొక తోడు దొరికింది. ఒక్కణ్ణే అడుక్కుంటుంటే ఈ హెడ్ గుమాస్తా మరీ చులకన చేస్తున్నాడు. పద, ఇద్దరం కలిసి వెళ్తే గౌరవంగా ఉంటుంది!"

ఆ రోజు నుంచి పొడుగాటి బల్ల చుట్టూ వాళ్ళిద్దరి ఊరేగింపు మొదలైంది. బాబాయి ముందు, ఆమె వెనక. "మా అమ్మాయికి ఇంకో ముద్ద వెయ్యవయ్యా. మతిమరుపుకి కొత్త మనిషి, అడగడం ఇంకా చేతకాదు" అనేవాడు. ఆమె మూత నిండాకే తన మూత చాపేవాడు. నవ్వులన్నీ, విసుర్లన్నీ ఆయన మీదే పడేవి. అంత గట్టిగా మర్చిపోయే మనిషి ఎదురుగా ఉండగా, పక్కన మెల్లగా మర్చిపోయే మనిషిని ఎవరు పట్టించుకుంటారు?

ఆయన మతిమరుపు కుదర్చాలని ఆఫీసంతా నడుం కట్టింది. హెడ్ గుమాస్తా ఆయన జేబురుమాలుకి ముడి వేసి పంపాడు. మర్నాడు బాబాయి ఆ ముడిని అందరికీ చూపిస్తూ, "ఇది దేనికి వేశారో ఎవరికైనా గుర్తుందా?" అని అడిగాడు. ఇంకోరోజు "ఇవాళ తెచ్చానోయ్!" అని డబ్బా ఒకటి గర్వంగా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల దారపుండలు, గుండీలు. హెడ్ గుమాస్తా ఒక గుండీ తీసి వెలుగులో తిప్పి చూసి, "ఉడకలేదు" అన్నాడు. టైపిస్టు అన్నాళ్ళకి కడుపారా నవ్వింది.

భర్త కాలు బాగై మళ్ళీ పనిలోకి వెళ్ళిన సంగతి ఆమె మొట్టమొదట బాబాయికే చెప్పింది. మర్నాడు గిన్నె నిండా అన్నం, కూర పెట్టుకుని, బాబాయికి కూడా కలిపి తెచ్చింది. గంట మోగింది. నుదుటి దెబ్బ కోసం అందరూ చెవులు రిక్కించారు. బాబాయి సంచిలోంచి మూడు గిన్నెల క్యారేజీ తీసి తాపీగా బల్ల మీద పెట్టాడు.

హెడ్ గుమాస్తా నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా?"

"ఏమోనయ్యా, ఇవాళ గుమ్మంలో అదే ఎదురొచ్చింది" అన్నాడు బాబాయి.

ఇక ఆ తర్వాత ఒక్కరోజు మర్చిపోతే ఒట్టు.

కొన్నాళ్ళకి బాబాయి భార్య, ఆయనతో కలిసి చుట్టాలింటికి వెళ్ళాలని, సాయంత్రం ఆఫీసుకి వచ్చింది. టైపిస్టు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"పిన్నిగారూ, మీ బంగాళదుంప వేపుడు ఒక్కసారి రుచి చూడాలండీ. క్యారేజీ మర్చిపోయినప్పుడల్లా బాబాయిగారు దాన్నే తలుచుకునేవారు."

"వేపుడా? ఆయనకి దుంప పడదమ్మా. మా ఇంట్లోకి తెచ్చి ఎన్నేళ్ళయిందో! అయినా మర్చిపోవడమేమిటి? అన్ని నెలలూ అసలు క్యారేజీయే కట్టొద్దన్నారుగా!"

"కట్టొద్దన్నారా? ఎప్పటినుంచండీ?"

"అదే, కొత్త టైపిస్టు చేరిందని నీ గురించి చెప్పిన వారమే. పొట్ట పెరిగిపోయింది, ఇక మధ్యాహ్నాలు పస్తేనని ఒట్టేశారు."

టైపిస్టు బాబాయి వైపు చూసింది. ఆయన పటం మీదికి ఎంతగా వంగిపోయాడంటే, ముక్కు నదిలో మునిగింది. హెడ్ గుమాస్తా ఉన్నట్టుండి దగ్గు తెచ్చుకున్నాడు.

"అన్ని నెలలు కడుపు మాడ్చుకుంటే మనిషి చిక్కాలా వద్దా?" పిన్నిగారు చెప్పుకుపోతోంది. "చిక్కకపోగా చొక్కాలన్నీ వదులు చేయించాల్సి వచ్చింది! నిజం చెప్పమ్మా, ఇక్కడ మధ్యాహ్నం పూట ఈయన ఏం తినేవారు?"

పటం మీంచి రెండు కళ్ళు బెదురుగా పైకి లేచాయి. టైపిస్టు వాటిలోకి ఒక్క క్షణం చూసింది. ఆ వెంటనే నుదుటి మీద ఫెడేల్మని కొట్టుకుంది.

"అయ్యో, మర్చిపోయాను పిన్నిగారూ!"